మోకాలికి ఏ స్కాన్, భుజానికి ఏ స్కాన్: మద్రాసులో ఎముకల పరీక్షలకి వచ్చేవాళ్లకి

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి మోకాలి నొప్పికో నడుము నొప్పికో మద్రాసు వచ్చే మనవాళ్లు చాలామంది సెంట్రల్ స్టేషన్లో దిగేటప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు: "ఎంఆర్ఐ తీయించేద్దాం, అన్నీ తెలిసిపోతాయి." అందులో సగమే నిజం. ఎంఆర్ఐలో చాలా కనిపిస్తాయి, కానీ కనిపించినవన్నీ నొప్పికి కారణాలు కావు. ఏ పరీక్ష మంచిదో మెషీన్ ఖరీదు చూసి చెప్పలేం. డాక్టరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు, వచ్చిన బొమ్మని ఎవరు చదువుతున్నారు అన్న రెండు విషయాల మీదే అది ఆధారపడి ఉంటుంది.

ఆ చదివే మనిషి ఎవరో పేషెంట్లకి తరచూ తెలియదు. మెషీన్ మీద పడుకోబెట్టి బొమ్మ తీసేది టెక్నీషియన్. ఆయన్నే డాక్టరు అనుకుని "ఏముంది సార్, పెద్దదేం కాదుగా?" అని అడుగుతారు. పాపం, ఆయన చెప్పకూడదు. లోపలి గదిలో స్క్రీన్ల ముందు కూర్చుని రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్లు రేడియాలజీలో ఎండీ గానీ డీఎన్‌బీ గానీ చేసిన డాక్టరు. ఆ పైన ఎముకలు, కీళ్లు, కండరాల మీదే ప్రత్యేకంగా శిక్షణ తీసుకుని అదే పనిలో ఉన్నవాళ్లని మస్క్యులోస్కెలిటల్ రేడియాలజిస్టులంటారు. ఆసుపత్రుల్లో అందరూ ఎంఎస్‌కే అని పొట్టిగా పిలుస్తారు. చెయ్యి విరిగిందా లేదా అని చూడటానికి ఏ రేడియాలజిస్టయినా చాలు. భుజం, మణికట్టు, ఇదివరకే ఆపరేషన్ అయిన మోకాలు, ఎముకలో గడ్డ లాంటివి అయితే మాత్రం వీళ్ల కోసం వెతుక్కోవడం దండగ కాదు. ఎందుకో కింద చెప్తాను.

ఎక్స్-రేని చిన్నచూపు చూడకండి

రాంట్‌జెన్ 1895లో ఎక్స్-రే కనిపెట్టి మొదట తీసిన బొమ్మల్లో ఆయన భార్య చేతి ఎముకలు ఒకటి. ఇన్నేళ్లయినా ఎముక విషయంలో మొదటి పరీక్ష ఇదే. వందల్లో అయిపోతుంది, అయిదు నిమిషాల పని. చేతికో కాలికో తీసే ఎక్స్-రేలో రేడియేషన్ సుమారు 0.001 మిల్లీసీవర్ట్. మామూలుగా నేల నుంచి, ఆకాశం నుంచి ఒక్క రోజులో మన ఒంటికి తగిలేదానికన్నా తక్కువ. నడుము ఎక్స్-రేకి ఇంతకన్నా చాలా ఎక్కువ, 1 నుంచి 1.5 మిల్లీసీవర్ట్ దాకా ఉంటుంది. అందుకే నడుముకి ఊరికే నెలనెలా తీయించకూడదు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.

యాభై దాటినవాళ్లకి మోకాలి నొప్పి, మెట్లు దిగుతుంటే సలుపు, పొద్దున లేవగానే కాసేపు బిగుసుకుపోవడం ఉంటే మనవాళ్లు "గుజ్జు అరిగింది" అంటారు. దీనికి కావలసింది నిలబడి తీసిన ఎక్స్-రే. ఈ "నిలబడి" అన్నదే చాలా చోట్ల తప్పిపోతుంది. పడుకోబెట్టి తీస్తే ఒంటి బరువు కీలు మీద పడదు, రెండు ఎముకల మధ్య సందు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అదే మోకాలు నిలబెట్టి తీస్తే లోపలి వైపు ఎముకకి ఎముక ఆనుకున్నట్టు కనిపించవచ్చు. స్లిప్ మీద "స్టాండింగ్, రెండు మోకాళ్లు" అని రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే డాక్టరుని అడిగి రాయించుకోండి.

ఇలా అరిగిన మోకాలికి ఎంఆర్ఐ తీస్తే ఏమవుతుంది? మెనిస్కస్ చిరిగిందని రిపోర్టు వస్తుంది. తొడ ఎముకకీ కింది కాలి ఎముకకీ మధ్య ఉండే మెత్తే మెనిస్కస్. 2008లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 50 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్ల మోకాళ్లకి ఎంఆర్ఐ తీశారు. మెనిస్కస్ చిరిగినట్టు తేలినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. కాబట్టి అరవై ఏళ్ల మనిషి రిపోర్టులో "టేర్" అన్న మాట చూసి ఆపరేషన్‌కి పరిగెత్తనక్కర్లేదు. అదే పాతికేళ్ల కుర్రాడు కబడ్డీ ఆడుతూ మోకాలు మెలితిప్పుకుని, ఫట్ మని శబ్దం వచ్చి, గంటలో వాచిపోయిందంటే కథ వేరు. ఎముక విరగలేదని ఎక్స్-రేలో చూసుకున్నాక నేరుగా ఎంఆర్ఐకే వెళ్లాలి. అక్కడ చూడాల్సింది లిగమెంటు, అంటే ఎముకని ఎముకతో కట్టి ఉంచే పట్టీ. అది ఎక్స్-రేలో కనిపించదు.

ఎక్స్-రే మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. పెద్దావిడ బాత్‌రూమ్‌లో జారి పడ్డారు, తుంటి దగ్గర నొప్పి, కాలు మోపలేకపోతున్నారు, ఎక్స్-రే నార్మల్. "ఏం లేదంట, నొప్పి మాత్ర వేసుకో పెద్దమ్మా" అని ఇంట్లో పడుకోబెట్టేస్తే ప్రమాదం. ఎముక పలచబడ్డ వయసులో తుంటి ఎముకకి వచ్చే సన్న బీట ఎక్స్-రేలో దొరక్కపోవచ్చు. నడవలేని మనిషికి ఎక్స్-రే నార్మల్ వస్తే ఎంఆర్ఐ అడగాలి. మెషీన్ వెంటనే దొరక్కపోతే సీటీ అయినా తీయించాలి. ఆలస్యమైతే ఆ సన్న బీట పక్కకి జరిగి, చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్దదవుతుంది. బైక్ మీంచి పడి అరచెయ్యి ఆనించినవాళ్లకి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక గురించి ఆలోచించాలి. మొదటి రోజు ఎక్స్-రే బాగానే ఉండొచ్చు, పది పధ్నాలుగు రోజులకి మళ్లీ తీస్తే గీత బయటపడుతుంది. అప్పటిదాకా కట్టు ఉంచుకోవాలి. ఆగలేనివాళ్లకి ఎంఆర్ఐ ఉంది.

భుజం: అల్ట్రాసౌండా, ఎంఆర్ఐనా?

నన్నడిగితే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. భుజం నొప్పి అనగానే ఎంఆర్ఐ రాసేస్తారు. చాలామంది నడివయసు వాళ్లకి ఆ జబ్బు రొటేటర్ కఫ్ అనే కండర బంధాల్లో ఉంటుంది, దాన్ని మంచి అల్ట్రాసౌండ్ అంతే బాగా చూపిస్తుంది. ఖర్చు తక్కువ, గొట్టంలో దూరే పని లేదు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకీ పనికొస్తుంది.

స్కాన్ గది గోడ మీద "లింగ నిర్ధారణ చేయబడదు" అన్న బోర్డు తమిళంలో, ఇంగ్లీషులో కనిపిస్తే, "ఇది కడుపుతో ఉన్నవాళ్లకి తీసేది కదా" అని మావాళ్లొకరు లేచి వచ్చేశారు. 1994 చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ మెషీన్ ఉన్న ప్రతి చోటా ఆ బోర్డు ఉండాలి. మెషీన్ అదే. కాకపోతే భుజానికి వాడే ప్రోబ్, అంటే ఒంటి మీద ఆనించి చూసే పరికరం, వేరు, ఎక్కువ ఫ్రీక్వెన్సీది.

పేషెంటుని స్టూలు మీద కూర్చోబెట్టి, చేతిని వెనక ప్యాంటు జేబులో పెట్టుకున్నట్టు పెట్టమంటారు. అలా పెడితే ఎముక చూరు కింద దాక్కుని ఉండే సుప్రాస్పైనేటస్ అనే బంధం ముందుకు వస్తుంది. అప్పుడు ప్రోబ్‌ని ఆ బంధం మీద మెల్లగా వాలుస్తూ చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న బంధం స్క్రీన్ మీద సన్నని తెల్లని దారాల కట్టలా కనిపిస్తుంది. కానీ ప్రోబ్ కొంచెం ఏటవాలైనా అదే బంధం నల్లగా, తెగినట్టు కనిపిస్తుంది. దీన్ని అనైసోట్రపీ అంటారు. అనుభవం ఉన్న చెయ్యి వెంటనే ప్రోబ్ కోణం మార్చి చూస్తుంది. నలుపు పోతే తెగలేదు, పోకపోతే తెగింది. అనుభవం లేని చెయ్యి "టేర్" అని రాసేస్తుంది. పైగా "ఇప్పుడు చెయ్యి పైకెత్తండి, ఎక్కడ పట్టేస్తోంది?" అని అడుగుతూ కీలు కదులుతుండగానే చూసే వీలు అల్ట్రాసౌండ్‌లోనే ఉంది. ఎంఆర్ఐలో కదిలితే బొమ్మ చెడిపోతుంది.

కాబట్టి భుజానికి నేనిచ్చే సలహా ఇది. ఎంఎస్‌కే అల్ట్రాసౌండ్ రోజూ చేసే డాక్టరు దొరికితే మొదట అదే. అలాంటివాళ్లు దొరక్కపోతే ఎంఆర్ఐ మేలు, ఎందుకంటే బొమ్మలు మిగిలి ఉంటాయి, వేరేవాళ్లకి చూపించుకోవచ్చు. కుర్రవాళ్లకి భుజం మాటిమాటికీ జారిపోతుంటే అల్ట్రాసౌండ్ చాలదు. కీలు అంచున ఉండే లేబ్రమ్‌ని చూడాలి, దానికి ఎంఆర్ఐ కావాలి. కొన్నిసార్లు కీల్లోకి మందు ఎక్కించి తీసే ఎంఆర్ ఆర్థ్రోగ్రామ్ రాస్తారు. షుగర్ ఉన్నవాళ్లకి భుజం బిగుసుకుపోయి జడ వేసుకోలేక, చొక్కా తొడుక్కోలేక ఇబ్బంది పడుతుంటే అది చాలావరకు ఫ్రోజెన్ షోల్డర్. చెయ్యి కదిపి చూసే డాక్టరు స్కాన్ లేకుండానే చెప్పగలరు. స్కాన్ అవసరం వైద్యం దగ్గర వస్తుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో కీల్లోకి సెలైన్, స్టెరాయిడ్ ఎక్కించి కీలు పొరని సాగదీసే ప్రక్రియ ఉంది, అది ఎంఎస్‌కే రేడియాలజిస్టుల చేతి పనే. స్టెరాయిడ్ పడ్డాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఇంట్లో చూసుకుంటూ ఉండాలి.

నడుము: ఆగడం కూడా ఒక ఎంపికే

నడుము నొప్పి మొదలైన వారానికే ఎంఆర్ఐ అడిగేవాళ్లకి ఈ లెక్క చెప్పాలి. నొప్పి లేని మనుషుల స్కాన్లన్నీ పోగేసి 2015లో ఒక పరిశీలన ప్రచురించారు. వెన్నుపూసల మధ్య డిస్కు అరుగుదల ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి కనిపించింది. డిస్కు ఉబ్బు ఇరవైల్లోనే 30 శాతం మందికి ఉంది. ఇదంతా తల నెరవడం లాంటిది. రిపోర్టులో "డిస్క్ బల్జ్, డీజెనరేషన్" అన్న మాటలు చదివి టెన్షన్ పడి, వంగడం మానేసి, నడవడం మానేసి, ఆ భయంతోనే నొప్పి పెంచుకున్నవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. మామూలు నొప్పయితే ఆరు వారాలు చూడొచ్చు. ఈలోపు చాలామందికి తగ్గుతుంది.

ఆగకూడని సందర్భాలు వేరు. ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మర్మావయవాల చుట్టూ తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి ఎంఆర్ఐ తీయించుకోవాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఆరు వారాల మాట మర్చిపోండి. మన దేశంలో వెన్నుపూసకి టీబీ రావడం అరుదేమీ కాదు. దగ్గు లేకుండానే వస్తుంది, ఎక్స్-రేలో తెలిసేసరికి బాగా ముదిరి ఉంటుంది.

సీటీ, డెక్సా

సీటీకి ఎముక విషయంలో తన చోటు తనకుంది. ముక్కలైన మోకాలి ఎముక, మడమ, కటి ఎముకల్ని బిగించే ముందు సర్జన్‌కి అన్ని కోణాల్లో చూపించడానికి అంతకు మించింది లేదు. రేడియేషన్ ఎక్కువ, కండరాలూ బంధాలూ సరిగా కనిపించవు. ఉత్త కీళ్ల నొప్పులకి అక్కర్లేదు.

ఎముకల బలం తెలుసుకోవాలంటే డెక్సా అనే స్కాన్. అందులో వచ్చే అంకె టీ-స్కోరు. టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. ఇది నడుముకీ తుంటికీ తీయాలి. ఉచిత క్యాంపుల్లో మడమ మీద పెట్టి చూసే చిన్న మెషీన్ రిజల్టు చూసి ఏడాది పొడుగునా మందులు మొదలుపెట్టకండి.

1.5 టెస్లా, 3 టెస్లా, ఓపెన్

ఎంఆర్ఐ మెషీన్‌లో అయస్కాంతం బలానికి కొలత టెస్లా. ప్రకటనల్లో 3 టెస్లా అని పెద్దక్షరాల్లో వేస్తారు. మోకాలికీ నడుముకీ 1.5 టెస్లా నిక్షేపంగా సరిపోతుంది. అదే భూమి అయస్కాంత శక్తికి సుమారు ముప్పై వేల రెట్లు. మణికట్టు, వేళ్లు, కార్టిలేజ్ (కీల్లో ఎముక చివరన ఉండే నున్నటి పొర) లాంటి సన్న పనికి 3 టెస్లా మంచిది. ఒంట్లో ప్లేటో రాడో ఉంటే లెక్క తలకిందులవుతుంది. లోహం చుట్టూ బొమ్మ చెదిరిపోవడం 3 టెస్లాలో ఎక్కువ, అక్కడ 1.5 మేలు. గొట్టమంటే భయపడేవాళ్లకి ఓపెన్ ఎంఆర్ఐలు ఉన్నాయి గానీ వాటిలో చాలావాటికి బలం తక్కువ, బొమ్మ నాణ్యత కూడా తక్కువే. మోకాలికయితే కాళ్ల వైపు నుంచి లోపలికి పంపుతారు, తల బయటే ఉంటుందని ముందే చెప్తే సగం భయం పోతుంది.

టెస్లా కన్నా ముందు అడగాల్సింది ఆ కీలుకి తగిన కాయిల్, అంటే సిగ్నల్ పట్టే తొడుగు, ఉందా అని. మోకాలికి మోకాలి కాయిల్, భుజానికి భుజం కాయిల్ తొడుగుతారు. అది లేకుండా తీస్తే పెద్ద మెషీన్ కూడా మసక బొమ్మే ఇస్తుంది.

లోపలికి వెళ్లే ముందు పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో ఇంప్లాంటు, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడటం, ఇవన్నీ చెప్పాలి. వెల్డింగ్, లేత్ పని చేసినవాళ్లు మరీ ముఖ్యంగా చెప్పాలి. కొన్ని కొత్త పేస్‌మేకర్లతో ఎంఆర్ఐ తీయొచ్చు, కానీ దాని కార్డు చూపిస్తేనే. మంగళసూత్రం తీయనంటే టెక్నీషియన్ ఒప్పుకోడు, పసుపుతాడు కట్టుకుని రండి.

ఎక్కడ తీయించాలి

సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1934 నాటి బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ఉంది. ఖర్చు చాలా తక్కువ, కష్టమైన కేసులు రోజూ చూసే కళ్లు అక్కడ ఉంటాయి. ఓపిక మాత్రం మీదే: రద్దీ, చీటీలు, మళ్లీ రమ్మనడం. చేతి సర్జరీకి స్టాన్లీ ఆసుపత్రికి ఎప్పట్నుంచో మంచి పేరు. ఊరి నుంచి వచ్చి సాయంత్రం రైలుకే తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకి ప్రభుత్వాసుపత్రి కుదరదు. మద్రాసులో చుట్టాలుంటేనే అది నడుస్తుంది.

గ్రీమ్స్ రోడ్డు, పోరూరు, వడపళని వైపు పెద్ద ఆసుపత్రుల్లో రేడియాలజిస్టూ ఆర్థో డాక్టరూ ఒకే కప్పు కింద ఉంటారు, అనుమానం వస్తే ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. ఆపరేషన్ వరకూ వెళ్లేలా ఉన్న కేసుకి ఆ అదనపు డబ్బు పెట్టొచ్చు. విడి స్కాన్ సెంటర్లలో రేటు తక్కువ, అదే రోజు రిపోర్టు వస్తుంది. కౌంటర్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు కూడా. అక్కడ అడగాల్సింది ఒక్కటే: "రిపోర్టు ఎవరు రాస్తారండీ, ఎంఎస్‌కే చూసేవాళ్లేనా?" చాలా సెంటర్లు బొమ్మల్ని ఆన్‌లైన్‌లో వేరే చోట ఉన్న డాక్టరుకి పంపి రాయించుకుంటాయి. అందులో తప్పేం లేదు. ఆ డాక్టరుకి మీ పాత ఎక్స్-రే, మీ కథ చేరాయా అన్నదే సమస్య.

ఆ కథ చేరే దారి స్లిప్పే. "ఎంఆర్ఐ, కుడి మోకాలు" అని ఉత్తినే రాసిన స్లిప్పుకీ, "మూడు వారాల కింద మెలిక పడింది, అప్పట్నుంచి లాక్ అవుతోంది, మెనిస్కస్ చూడాలి" అని రాసిన స్లిప్పుకీ వచ్చే రిపోర్టుల్లో చాలా తేడా ఉంటుంది. మోకాలి ఎంఆర్ఐలో మూడు కోణాల్లో వందకి పైగా బొమ్మలుంటాయి. కొవ్వు సిగ్నల్ నొక్కేసి తీసిన వరసలో ఎముకలో దెబ్బ తగిలిన చోటు తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు ఉన్న చోటు చూసి, మోకాలు ఎటు తిరిగి దెబ్బ తగిలిందో, ఏ లిగమెంటు తెగి ఉండాలో లెక్కగట్టగలరు. ఎంఆర్ఐలోనూ మాయలుంటాయి. అయస్కాంతానికి 55 డిగ్రీల కోణంలో ఉన్న బంధం ఏ జబ్బూ లేకుండానే తెల్లగా కనబడుతుంది. దాన్ని జబ్బు అని రాయకపోవడానికే అనుభవం కావాలి.

ఎముకలో గడ్డ అన్న అనుమానం ఉంటే రెండు జాగ్రత్తలు. ఎంఆర్ఐ తీసినా సరే ఎక్స్-రే కూడా చేతిలో ఉండాలి. అది మంచి గడ్డా చెడ్డ గడ్డా అన్న అంచనా చాలాసార్లు ఎక్స్-రేలో దాని అంచు చూసే వేస్తారు. ఇక రెండోది, ముక్క తీసే పరీక్ష (బయాప్సీ) తొందరపడి ఎక్కడపడితే అక్కడ చేయించకూడదు. సూది వెళ్లిన దారిని కూడా తర్వాత ఆపరేషన్లో తీసేయాల్సి రావచ్చు, అందుకని ఆపరేషన్ చేయబోయే సర్జనూ రేడియాలజిస్టూ మాట్లాడుకుని దారి ఎంచుకోవాలి. అడయార్‌లో 1954 నుంచి నడుస్తున్న క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోటికి ముక్క తీయకముందే వెళ్లడం మేలు.

మళ్లీ తీయించడమా, మళ్లీ చదివించడమా

ఆరు నెలల లోపు ఎంఆర్ఐ ఉండి, ఈలోపు కొత్త దెబ్బ గానీ ఆపరేషన్ గానీ లేకపోతే, రిపోర్టు మీద అనుమానం వచ్చినప్పుడు కొత్త స్కాన్ కన్నా పాత స్కాన్‌నే ఎంఎస్‌కే రేడియాలజిస్టుతో చదివించడం చవక. దీనికి ఫిల్ములు చాలవు. కవర్లో ఇచ్చే ఆ పెద్ద ఫిల్ముల్లో ఎంచి వేసిన కొన్ని బొమ్మలే ఉంటాయి. డైకామ్ ఫైళ్లున్న (అంటే స్కాన్ అసలు బొమ్మలన్నీ ఉన్న) సీడీ గానీ లింకు గానీ అడిగి తీసుకోండి, డబ్బు కట్టిన రోజే అడగండి. వాట్సాప్‌లో ఫోన్‌తో తీసి పంపిన ఫిల్ము ఫొటో మీద ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. రెండు రిపోర్టుల్లో తేడా వస్తే మీరు తేల్చుకోవాలని చూడకండి. రెండూ పట్టుకెళ్లి ఆర్థో డాక్టరు ముందు పెట్టండి, ఆయన మీ మోకాలు పట్టి చూసి, అవసరమైతే రేడియాలజిస్టుకే ఫోన్ చేస్తారు.